బూడిదరంగు అట్ట

పన్నెండు అయ్యాయి, ఇంకా పదహారు తీయాలి, ఫోటోకీ ఫోటోకీ మధ్య రెండు నిమిషాలు ఆగాలి, ఆగకుండా టకటకా నొక్కితే కెమెరా లోపల సెన్సర్ వేడెక్కి ఫోటోలో లేని రవ్వ, అంటే సన్నటి చుక్కల గరుకు, పుట్టిస్తుంది, ఈ ముక్క ఈ ఆసుపత్రి మొత్తంలో నాకు తప్ప ఎవడికీ తెలియదు, తెలుసుకోవాలన్న దురద కూడా ఎవడికీ లేదు, పేరుకి చర్మవ్యాధుల ఆసుపత్రి. గోడకి బూడిదరంగు అట్ట, అట్టకి ఎదురుగా మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా, పక్కన స్టూలు మీద నేను, కిటికీకి నల్లగుడ్డ, ఇదీ నా పొద్దుటి వైభవం. ఇందాక నర్సు తలుపు సందులోంచి తొంగిచూసి ఎవరికి సార్ ఫోటో అని అడిగింది. అట్టకి అన్నాను. నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది, ఈపాటికి వార్డంతా చెప్పేసి ఉంటుంది, వాడికి మతి పోయింది, ఖాళీ అట్టకి ఫోటోలు తీస్తున్నాడని. చెప్పుకోనీ. వెలుతురు చాలని చోట ఐఎస్ఓ, అంటే వెలుతురుని పట్టే శక్తి, పెంచి తీస్తే కెమెరా తనంతట తాను కొంత రవ్వ కలుపుతుంది, ఎదురుగా లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది, ఏమీ లేని అట్టని తీస్తే కనిపించే రవ్వంతా దానిదే. వంద నుంచి ఆరువేల నాలుగువందల దాకా ఏడు మెట్లు, మెట్టుకి నాలుగు ఫోటోలు, అన్నీ కొలిచి పట్టిక కడితే, ఇక మీదట తీసే ప్రతి ఫోటోలోంచీ కంప్యూటర్లో ప్రోగ్రాము ఆ మేరకు తీసిపారేస్తుంది. దాన్ని ప్రొఫైల్ అంటారు. అబద్ధాలకోరు ఎంత కలిపి చెబుతాడో ముందే కొలిచిపెట్టుకుంటే మిగిలింది నిజమని పట్టుకోవచ్చు, అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పదమూడు. ఈ రెండు నిమిషాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమే. అసలు ఈ తిప్పలన్నీ ఆ ఫ్లాష్ పోవడంతో మొదలయ్యాయి. లెన్సు చుట్టూ గుండ్రంగా వెలిగేది, చర్మం మీద నీడ పడకుండా, మూడేళ్ళ కిందట ఒకరోజు ఠప్పుమని పోయింది. కొత్తది కావాలని రాసిస్తే స్టోర్సు గుమాస్తా కళ్ళజోడు మీంచి చూసి, గదిలో ట్యూబులైట్లున్నాయి కదండీ అన్నాడు. వాటి వెలుతుర్లో రోగం సరిగా కనబడదయ్యా అంటే, కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ, రోగులెవరూ అడగలేదుగా అన్నాడు. సామెతని అంత సరిగ్గా వాడగలిగిన మనిషికి ఒక ఫారం నింపడం ముప్ఫైయేళ్ళుగా పట్టుబడలేదు. సరే, ట్యూబులైట్ల కింద ఐఎస్ఓ పెంచి తీశాను, రవ్వ వచ్చింది, అప్పుడు పైనుంచి దిగాడు శుభ్రం సారు. అంటే మా డైరెక్టరు, పేరు నేను పెట్టిందే, ఇప్పుడు అందరూ అదే అంటున్నారు, డ్రైవరుతో సహా. నోరు తెరిస్తే శుభ్రం. ఫోటోలు శుభ్రంగా ఉండాలండీ, ఆ గరుకేమిటి, ఆ చుక్కలేమిటి, చూసేవాళ్ళకి మన ఆసుపత్రి మీద ఏం గౌరవం ఉంటుంది అన్నాడు. పుండు ఫోటో కూడా ఆయనకి సబ్బు ప్రకటనలా ఉండాలి. పోనీ అని రవ్వ తీసే ప్రోగ్రాము తెప్పించాను. అందరిలా అయితే ఆ ప్రోగ్రాముతో వచ్చే తయారు ప్రొఫైల్ వేసుకుని చేతులు దులుపుకునేవాణ్ణి. స్టూడియోల వాళ్ళంతా చేసేది అదే, ఎవడి కెమెరానో ఎవడో కొలిస్తే ఆ పట్టిక తెచ్చి తమ కెమెరాకి తగిలిస్తారు, ఎవరి కొలతకో కుట్టిన చొక్కా వేసుకుని పొట్ట దగ్గర బొత్తాం పట్టలేదని దర్జీని తిట్టినట్టు. నేనలాంటివాణ్ణి కాదు. నా కెమెరాని నేనే కొలిచాను. మూడేళ్ళుగా ఈ ఆసుపత్రిలో తీసిన ప్రతి ఫోటో నేను కట్టిన పట్టికలోంచే వడగట్టబడి బయటికి వెళ్ళింది. ఇప్పుడు సెన్సర్ పాడై కెమెరా రిపేరుకి పోయి, మూడు వారాల తరవాత కొత్త సెన్సర్‌తో తిరిగొచ్చింది కాబట్టి మళ్ళీ మొదటినుంచీ కొలవాలి, దానికీ నేనే దిక్కు.

పద్నాలుగు, పదిహేను. ఎదుటివాడి తప్పు కనిపెట్టడం మా ఇంట్లో వంశపారంపర్యం. మా నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు, తప్పు పట్టందే ఆయనకి ముద్ద దిగేది కాదు. ఒకసారి జ్వరంతో మూలుగుతూ కూడా మందు సీసా మీది కాగితం చదివి, భోజనం అనే మాట రాయడం రాని వెధవ కలిపిన మందు నేను తాగను అని పక్కన పెట్టేశాడు. అమ్మ బతిమాలింది, అక్క ఏడ్చింది, నాకు మాత్రం ఆయన ఆ క్షణంలో మహారాజులా కనిపించాడు. వీధిలో ఎవరూ ఆయనతో రెండు మాటలకి మించి మాట్లాడేవారు కాదు, మూడో మాటలో తప్పు దొరుకుతుందని భయం. పోయినప్పుడు పేపర్లో వేయించిన ప్రకటనలో డెబ్బై ఒకటికి బదులు పదిహేడు అని పడింది, పదిహేడో ఏట పోయిన మనిషికి భార్యా ఇద్దరు పిల్లలూ. అక్క అది చదివి ఏడుస్తూనే నవ్వింది, నాన్న చూసుంటే మళ్ళీ చచ్చేవాడురా అంది. నేను నవ్వలేదు, పేపరాఫీసుకి మూడు పేజీల ఉత్తరం రాశాను. వాళ్ళు జవాబివ్వలేదు. ఇవ్వరు, జవాబిచ్చే తెలివి ఉన్నవాళ్ళయితే ఆ తప్పే పడదు.

అక్క పదకొండింటికి వస్తుంది. నేనే నిన్న ఫోన్ చేసి రమ్మన్నాను, కెమెరా వచ్చింది, నీ ఆర్నెల్ల ఫోటో మూడు వారాలు ఆలస్యమైంది, రేపొచ్చి తీయించుకుపో, వచ్చేటప్పుడు నీ రోగాల చిట్టా మాత్రం ఇంట్లో పెట్టిరా అని. సరేలేరా అంది. అక్కకి రోగాలంటే మక్కువ, కాలు బెణికితే ఎముక విరిగిందంటుంది, తుమ్మొస్తే ఊపిరితిత్తులంటుంది, ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు తనే పడుకుంటుంది. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ముప్ఫైరెండేళ్ళు మిషను తొక్కింది, నడుం పోయింది, కళ్ళు సగం పోయాయి, వేళ్ళు మాత్రం మిగిలాయి. గుడ్డని కంటితో చూడదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతుంది, కళ్ళు మూసుకుని, ఇందులో నూలు సగమేరా అంటుంది. చిన్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని బట్టల కొట్టుకి వెళ్ళి తానులన్నీ అలా నలుపుతూ నిలబడితే కొట్టువాడు మా వంక చూసే చూపుకి నాకు తల కొట్టేసినట్టుండేది. నాకు బయట నిలబడి ఉండటమే నయమనిపించేది. వేలితో చూసే చూపు కూడా ఒక చూపేనా, అంకె లేదు, కొలత లేదు, రేపెవరికైనా చూపించడానికి కాగితం ముక్క లేదు.

పందొమ్మిది. ఇరవై. అక్కకి ఎడమ భుజం రెక్క మీద, చెయ్యి వెనక్కి మడిస్తే వేళ్ళు అందీ అందని చోట, పెసరగింజంత పుట్టుమచ్చ. ఏడాదిన్నర కిందట బావ చూశాడట, ఇది ఇంతకుముందు ఇంత నల్లగా లేదే అని. బావ కంటి చూపు నాకు తెలుసు, బస్సు ఎదురుగా వచ్చి ఆగితే తప్ప నంబరు కనబడదు. అయినా తీసుకొచ్చారు, ఇంకెవరో అయితే సిగ్గని అక్క అంటే నేనే ఫోటో తీశాను. డాక్టరమ్మ ఆర్నెల్లకోసారి ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూద్దాం, అంచు మారినా గరుకెక్కినా అప్పుడు ఆలోచిద్దాం అంది. మొదటి ఫోటో, ఆర్నెల్లకి రెండోది, మళ్ళీ ఆర్నెల్లకి మూడోది, మూడూ ఒకేలా ఉన్నాయి, గుండ్రంగా, నున్నగా, అచ్చుగుద్దినట్టు. మూడోసారి వచ్చినప్పుడు అక్క కొత్త పాట మొదలెట్టింది, స్నానం చేసి తుడుచుకుంటుంటే తువ్వాలు దారం దానికి పట్టుకుంటోందిరా, వేలికి కూడా తగులుతోంది, ఓ పక్క పెచ్చులా ఉంది అని. ఫోటో పెద్దది చేసి స్క్రీను మీద చూపించాను. ఎక్కడుంది పెచ్చు, చూపించు, అన్నాను. అక్క కళ్ళు చికిలించి చూసి, ఇందులో లేదు, అంది. ఇందులో లేకపోతే ఎక్కడా లేదు, నీ తువ్వాలు మార్చు, అన్నాను. బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు హాయిగా అనిపించింది, బావ నా వైపు ఉండటం ఏటా రెండు సార్లు కూడా జరగదు.

ఇరవై ఎనిమిది. అయిపోయింది. పదింబావు అయింది. పెద్ద లైటు కూడా వేశాను, కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను, ఇక ప్రోగ్రాము పని. రెండు పట్టికలూ, పాత సెన్సర్‌దీ కొత్త సెన్సర్‌దీ, ఎదురెదురుగా పెట్టి చూడటం నా పద్ధతి, వేరేవాళ్ళయితే కొత్తది ఎక్కించి టీకి పోతారు. పై మెట్లలో తేడా పెద్దగా లేదు, ఆరువేల నాలుగువందల దగ్గర రెండూ ఇంచుమించు ఒకటే, మూడువేల రెండువందల దగ్గర కొంచెం దూరం, రోగుల ఫోటోలన్నీ తీసే పదహారువందల దగ్గర కొత్తది పాతదానిలో సగం. పరవాలేదు, కంపెనీవాళ్ళు ఈసారి మంచి సరుకే వేశారు అనుకున్నాను, అనుకుంటూనే వాళ్ళని కాస్త తిట్టుకున్నాను, ఇంత మంచి సరుకుండి మొదట్లో నాకు ఆ పాతది అంటగట్టారని. నాలుగువందల దగ్గర కొత్తది ఇంకా దిగింది, వంద దగ్గర దాదాపు అడుగంటింది. పాతది దిగలేదు. పదహారువందల దాకా దిగి అక్కడ ఆగిపోయింది, ఆ కిందంతా బల్లపరుపుగా ఒకే అంకె. మెట్టు దిగితే రవ్వ తగ్గాలి, ఏ కెమెరా అయినా, ఎవడు చేసినా, ఎంత చెత్తదైనా తగ్గి తీరాలి. తగ్గలేదంటే ఆ మిగిలింది కెమెరా కలిపింది కాదు. ఎదురుగా ఉన్నదే.

పాత ఫోటోలున్నాయి, నేను ఏదీ పారేయను. డిస్కులు నిండిపోతున్నాయి, శుద్ధి చేసిన ఫోటో ఒక్కటి ఉంచి అసలు ఫైళ్ళు తీసేయండి, శుభ్రంగా ఉంటుంది అని శుభ్రం సారు సర్క్యులర్ ఇస్తే, ఆయన మీద కసితోనే అసలు ఫైళ్ళన్నీ నా సొంత డిస్కులో దాచాను. మూడేళ్ళ కిందటి అట్ట ఫోటో, ఐఎస్ఓ వంద, తెరిచాను, రెట్టింపు చేశాను, మళ్ళీ రెట్టింపు చేశాను. అట్ట కనిపించింది. అలుక్కుపోయిన బూడిదరంగు కాదు, అట్టే, దాని పీచు, కాగితం గుజ్జులో సన్నటి పోగులు ఒకదాని మీద ఒకటి, ఒకచోట వెంట్రుక ముక్క కూడా. ఫోకస్ ఉంది. పీచు ఫోటోలో పడకూడదనే అట్టని ఫోకస్ తప్పించి తీస్తారు, ఈ విద్యలో మొదటి పాఠం అదే, పిల్లకాయకి కూడా చెబుతారు. దానికి స్విచ్ ఆటోలో కాక చేతి ఫోకస్‌లో ఉండాలి, ఉంది, ఆ రోజు పొద్దున నేనే పెట్టాను. తరవాత శుభ్రం సారు ఎవరో పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు, ఇది మన ఫోటో విభాగమండీ అన్నాడు, నన్ను చూపించి వీరు మా కెమెరామాన్ అన్నాడు, వాళ్ళలో ఒకాయన ఏదీ ఒకటి తీసి చూపించు అని ఏకవచనంలో అన్నాడు. స్విచ్ ఆటోకి మార్చి ఆయన వేలి గోరు తీసి చూపించాను. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ స్టూలు మీద కూర్చుని ఇరవై ఎనిమిది ఫోటోలూ తీశాను, తీస్తున్నంతసేపూ ఆయనకి ఇవ్వాల్సిన జవాబు మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా ఇప్పటికీ గుర్తుంది. స్విచ్ వెనక్కి మార్చడం గుర్తులేదు, ఎందుకంటే మార్చలేదు.

అంటే ఏమిటి. అంటే అట్ట పీచుని కెమెరా రవ్వ అనుకుని కొలిచాను. అంత సన్నటి గరుకు ఎక్కడ కనిపించినా అది అబద్ధం, తీసేయ్ అని ప్రోగ్రాముకి నేనే నేర్పాను. మూడేళ్ళుగా అది నా మాట తు.చ. తప్పకుండా విన్నది. మనిషి చర్మం మీద అంత సన్నటి గరుకులు ఏమున్నాయి? పొలుసు. పెచ్చు. మచ్చ అంచున విరిగిన గీత. నా ఫోటోల్లో చర్మాలన్నీ నున్నగా ఉండేవి, శుభ్రం సారు మెచ్చుకునేవాడు, మెచ్చుకున్నందుకు ఆయన్ని లోపల తిట్టుకునేవాణ్ణి గాని, మా ఫోటోలంత శుభ్రంగా ఇంకే ఆసుపత్రిలోనూ ఉండవని బయట నేనూ అన్నాను, నలుగురిలో, ఒకసారి కాదు. గురివిందగింజకి తన కింద నలుపు తెలియదని నాన్న రోజుకి రెండుసార్లు అనేవాడు, ఎప్పుడూ ఎదుటివాళ్ళ గురించే. నా కళ్ళు ఇంకో ఫోల్డరు వెతుకుతున్నాయి, ఏ ఫోల్డరో నా చేతికి ముందే తెలుసు. అక్క పేరు మీద మూడు అసలు ఫైళ్ళు. పట్టిక తగిలించకుండా, ఏమీ తీయకుండా, రవ్వ ఎంతుంటే అంతా ఉంచి తెరిచాను. మొదటిది గుండ్రంగానే ఉంది. రెండోదానికి కింది అంచు కొంచెం చెదిరింది, రవ్వ వల్లనేమో అనుకోవచ్చు, అనుకోవాలనిపించింది. మూడోదానిలో అనుకోవడానికి చోటు లేదు. కింది పక్క అంచు తెగిపోయి, పైన సన్నగా పెచ్చు కట్టి, తువ్వాలు దారం పట్టుకుంటుంది దానికి, ఎవరికైనా పట్టుకుంటుంది.

నాకు భయం వేసింది.  ఆ రోజు అక్క నా గదిలోంచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అక్కడ కూడా తువ్వాలు సంగతి చెప్పింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది, నిజంగా లేచింది, భూతద్దం చేతిలోకి తీసుకుంది, బయట డెబ్బైమంది ఉన్నా లేచింది. అప్పుడు నేను, గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ నేను, ఫోటో ఉంది కదా మేడమ్, అంతకన్నా దగ్గరగా ఏ కన్నూ చూడదు అన్నాను. ఆవిడ స్క్రీను వంక చూసింది, మూడు లెక్కపెట్టేలోపు మార్పు లేదు అని రాసి మళ్ళీ కూర్చుంది. పేషెంటుని చూడకుండా ఫోటో చూసి రాసేసిందని ఆ సాయంత్రం క్యాంటీన్లో ఆవిడ మీద జోకు కూడా వేశాను. అది ఆర్నెల్ల కిందటి మాట. ఆర్నెల్ల మూడు వారాలు.

పదిన్నర దాటింది. ఇంత భయంలోనూ నా బుద్ధి తన పని తాను చేసుకుపోతోంది, ఎంత నీచమైన బుద్ధో నాకు ఇప్పుడే తెలుస్తోంది. కొత్త పట్టిక ఎక్కించు, పదకొండింటికి అక్క వస్తుంది, ఫోటో తీయి, పెచ్చు కనబడుతుంది, డాక్టరమ్మ ఉలిక్కిపడి ఈ ఆర్నెల్లలో మారింది అంటుంది, వెంటనే కోసేస్తారు, అక్కకి జరగాల్సింది జరుగుతుంది, నీ సంగతి ఎవరికీ తెలియదు. పాత ఫైళ్ళు తీసేయమని డైరెక్టరే సర్క్యులర్ ఇచ్చాడు, తీసేయ్, ఆయన ఆజ్ఞ కూడా పాటించినట్టవుతుంది. ఎంత శుభ్రంగా ఉందో చూడు. చెయ్యి మౌస్ మీదే ఉంది. ఇంతకాలం స్టోర్సు గుమాస్తాని పట్టుకుని దొంగముండాకొడుకు అన్నాను, వాడు ఒక ఫ్లాషుని నొక్కేశాడేమో గాని మనిషి ఒంటి మీది జబ్బుని నొక్కేయలేదు. అక్క ఒక్కతే కూడా కాదు. మూడేళ్ళలో మార్పు లేదు అనిపించుకుని, మళ్ళీ ఏడాదికి రండి చాలు అని ఇంటికి పంపిన వాళ్ళ జాబితా తీసి చూస్తే నూట నలభై మూడు మంది. వాళ్ళలో సగం మందికి డాక్టరమ్మ కన్నా ముందు ఆ మాట చెప్పింది నేనే, స్క్రీను వాళ్ళ వైపు తిప్పి, అనవసరంగా భయపడుతున్నారు, చూడండి, ఎంత నున్నగా ఉందో అని. వాళ్ళెవరూ ఈ నెలలో రారు. కొత్త ఫోటో వాళ్ళనెవరినీ పట్టుకోదు. మౌస్ మీంచి చెయ్యి తీశాను. ఆ జాబితాని ఫోన్ నంబర్లతో సహా ప్రింటుకి పంపాను, నాలుగు పేజీలు వచ్చింది.

తలుపు చప్పుడైంది, ఇంకా పది నిమిషాలుండగానే అక్క వచ్చేసింది, బస్సు వెంటనే దొరికిందట. తలుపు మూసేలోగా బావ బయట బెంచీ మీద కూర్చుని కనిపించాడు, నన్ను చూసి ఎందుకో తల దించుకున్నాడు. అక్క చేతిసంచీ టేబుల్ మీద పెట్టి స్టూలు మీద కూర్చుంది. చెప్పాల్సింది వరసగా పెట్టుకున్నాను, సెన్సర్, స్విచ్, అట్ట, పీచు, అదంతా అక్కకి అర్థం కావడానికి ఎలా చెప్పాలా అని ఆలోచించాను, ఆ ఆలోచనలో కూడా అక్కకేం తెలుస్తుందిలే అన్న పాత పొగరే ఉంది. చివరికి వరసలేవీ రాలేదు.

"అక్కా, నా ఫోటోలు తప్పు. మూడూ తప్పే. నీ వేలికి తగిలిందే నిజం."

 అక్క వీపు నా వైపు తిప్పి రవిక భుజం మీంచి కిందికి జార్చింది. మచ్చ లేదు. మచ్చ ఉండాల్సిన చోట వేలెడంత పొడుగున గులాబీరంగు గీత ఉంది, దానికి అటూ ఇటూ సూది దిగిన గుర్తులు. నాకు కాసేపు అది ఏమిటో తెలియలేదు. 

"కుట్టు బాగాలేదు కదూ," అంది అక్క. "నేనైతే ఇంకా దగ్గర దగ్గరగా వేసేదాన్ని."

నాలుగున్నర నెలలైందట. ఆ రోజు నా గదిలోంచి వెళ్ళాక నెలన్నర ఆగిందట, తువ్వాలు కూడా మార్చి చూసిందట, మెత్తటిది కొని. తరవాత బావని తీసుకుని వేరే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరు ఫోటో గీటో ఏమీ అడగలేదు, వేలు పెట్టి చూసి, అదే వారం ముక్క తీసి పరీక్షకి పంపాడు. చెడ్డదేనని వచ్చింది. మొదట్లోనే ఉందని చుట్టూ వెడల్పుగా మళ్ళీ కోసి తీశారు, అంతా వచ్చేసింది, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలన్నారు. ఇదంతా రేషన్ కార్డు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచారు, బావ కూడా, నేను పరాయివాణ్ణా అని అడిగాను, అడుగుతుంటే గొంతులో కోపం కూడా ఉంది, సిగ్గులేని కోపం.

"చెబితే నువ్వు మళ్ళీ ఫోటో తెచ్చి చూపిస్తావురా. నాకు అప్పుడు అంత ఓపిక లేదు." రవిక సర్దుకుంది. "నిన్న ఫోన్ చేశావు కదా, ఇక దాచడం బాగుండదన్నారు మీ బావ. అందుకే వచ్చాం."

నేను క్షమించు అన్నాను. ఆ మాట నోటితో అనడం ఇదే మొదటిసారి, ఎంత కురచ మాటో. అక్క దాన్ని పట్టించుకోలేదు. ప్రింటరు దగ్గర పడున్న కాగితాలు ఇవేమిటని అడిగింది. చెప్పాను, ఈసారి దాచకుండా, స్విచ్ దగ్గర్నుంచీ. అక్క చదవలేదు, కాగితాలు నాలుగూ చేతిలోకి తీసుకుని అంచులు సరిచేసింది.

"నేను నిన్ను నమ్మలేదురా, అందుకని సరిపోయింది," అంది. "నమ్మినవాళ్ళు ఇంతమంది ఉన్నారా?"

"నూట నలభై మూడు."

"మరి కూర్చున్నావేం?"

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. చెబుతుంటే నేను క్యాంటీన్లో వేసిన జోకు నాకే వినిపించింది. తరవాత ఆవిడ అందర్నీ పిలిపించండి, నేను చూస్తాను, చేత్తో చూస్తాను, అంది. శుభ్రం సారుకి ముందు చెప్పాలట, చెప్పకుండా బయటికి ఫోన్ చేస్తే ఉద్యోగం పోతుందట, ఆవిడే హెచ్చరించింది. ఆయనకి చెబితే కమిటీ వేస్తాడు, కమిటీ మూడు నెలలు కూర్చుని టీలు తాగి సమస్య శుభ్రంగా పరిష్కారమైందని రాస్తుంది. ఆ మూడు నెలలు ఎవరి వీపు మీద ఏం పెరుగుతుందో ఆయనకేం పట్టింది, ఎద్దు పుండు కాకికి నొప్పా. నిన్నటిదాకా నాకు మాత్రం ఏం పట్టింది. ఫోన్ దగ్గరికి లాక్కున్నాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరస కింద వేలు పెట్టి నంబరు చదివింది, ఒక్కో అంకే ఆగి ఆగి, తప్పు పోకుండా. రెండుసార్లు మోగాక ఎవరో మగగొంతు ఎత్తింది. చర్మం ఆసుపత్రి నుంచి, ఫోటోలు తీసేవాణ్ణి మాట్లాడుతున్నానండీ, అన్నాను.

"గుర్తున్నారు సార్, ఎందుకు గుర్తుండరు," అన్నాడాయన. "ఏమీ లేదని మీరు ఫోటో చూపించాకే కదా, ఆ రాత్రి మా ఇంట్లో అందరం నిద్రపోయాం."